ఎడమ కంటి నమూనా

మంగళవారం మధ్యాహ్నం ఒంటి గంట ఇరవై అయిదుకి కంటి ఆస్పత్రి వెనక మెట్ల మలుపులో ఆమె శవం కనిపించింది. నేను అక్కడికి వెళ్ళింది శుక్రవారం, రెండు దాటి అయిదు నిమిషాలకి. ఈ మూడు రోజుల్లో మెట్లు కడిగేశారు, ఫైలు దాదాపు మూసేశారు, కాలుజారి పడటం వల్ల మరణం అని ఒక వాక్యం రాసేశారు.

ఆస్పత్రిలో అందరూ ఆమెను ల్యాబ్ అక్క అనేవారు. యాభై రెండేళ్ళు. ఇరవై ఆరేళ్ళుగా అదే గదిలో అదే స్టూలు మీద కూర్చుని, రోగుల కళ్ళ నుంచి తీసిన నమూనాలను గాజు స్లైడ్ల మీద పరిచి, రంగు అద్ది, మైక్రోస్కోపులో చూసేది. పెళ్ళి చేసుకోలేదు. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే తమ్ముడితో కలిసి ఉండేది. ఈ కేసు చూడమని నన్ను అడిగింది ఆ తమ్ముడే.

ఆ ఉదయం దుకాణంలో అతను నాతో మాట్లాడుతూనే పని చేసుకుంటున్నాడు. రాయి మీద అద్దం గరగరమంటూ తిరుగుతోంది.

"అక్క ఆ మెట్లు ఎక్కదు, దిగదు. ఆరు నెలలైంది. లిఫ్ట్ పాడైతే బాగయ్యేదాకా కిందే కూర్చునేది," అన్నాడు.

"ఎందుకని అడగలేదా?"

"మోకాళ్ళు అంది. నమ్మాను." అద్దాన్ని వెలుతురుకి ఎత్తి చూసుకున్నాడు. "నాలుగు నెలల కింద తన జోడు నాకిచ్చి, ఎడమ అద్దం మొత్తం మసకగా అరగదియ్యరా అంది. రెండు కళ్ళూ పోట్లాడుకుంటున్నాయట. పని ఎక్కువై కన్ను అలిసిపోయిందంది. అరగదీసి ఇచ్చాను. రోజూ ఇదే పని చేసేవాణ్ణి, ఎందుకో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు."

"ఈ మధ్య ఎక్కడికైనా వెళ్ళారా?"

"పోయిన నెల పది రోజులు ట్రైనింగని వెళ్ళింది." రాయి ఆపాడు. "నాకు ఏడుపు రావట్లేదండీ. అన్నం తింటున్నాను, నిద్రపోతున్నాను. అది తప్పా?"

"తప్పు కాదు. ఇంకా రాలేదు, అంతే," అన్నాను.

ఆ మాట చెప్పే అర్హత నాకుంది. నా భర్త పోయి తొమ్మిది నెలలు. అప్పట్నుంచి నాకు ఏదీ పెద్దగా అంటదు. గంటలూ నిమిషాలూ మాత్రం అంటుకుంటాయి. అందుకే ఈ పని ఇంకా చేయగలుగుతున్నాను.

*

ల్యాబు రెండో అంతస్తులో ఉంది. తాళం ఇన్‌స్పెక్టర్ దగ్గర ఉంది. నేను పోలీసులో ఉన్నప్పుడు అతను నా కింద పనిచేశాడు. నేను మానేశాక నా కుర్చీ అతనికొచ్చింది. అతనికి తెలివి లేకపోలేదు, ఓపిక లేదు.

"పైనుంచి చూపించమన్నారు కాబట్టి చూపిస్తున్నాను మేడమ్. అరగంట," అన్నాడు తలుపు తీస్తూ. "నన్నడిగితే ఇందులో ఏమీ లేదు. పద్దెనిమిది మెట్లు. పైనుంచి పడింది. తల వెనక దెబ్బ. పెనుగులాట లేదు."

"ఒంటి మీద దొరికిన వస్తువులేవి?"

జేబులోంచి కాగితం తీసి చదివాడు. "చెప్పులు, గడియారం, ఇంటి తాళం చెవి, ఐడీ కార్డు, చేతిరుమాలు."

"కళ్ళజోడు?"

మళ్ళీ కాగితం చూసుకున్నాడు. "లేదు."

గది చిన్నది. ఒక గోడకి రంగు సీసాలు, ఒక మూల నమూనాలను గిర్రున తిప్పే సెంట్రిఫ్యూజ్ యంత్రం, కిటికీ పక్కన మైక్రోస్కోపు, దాని ముందు చక్రాల స్టూలు. స్టూలు బల్లకి దూరంగా, తలుపు వైపు తిరిగి ఉంది.

"మీరు కదిపారా?"

"ఏమీ కదపలేదు. ఒంటి గంట యాభైకి సీలు వేశాం. మైక్రోస్కోపు దీపం వెలుగుతుంటే మా వాడు ఆర్పాడు, అంతే."

"దీపం వెలుగుతోందా?"

"అదేమైనా నేరమా మేడమ్?"

గోడ మీద ఆమె చేతిరాతతో ఒక కాగితం అంటించి ఉంది: లేచే ముందు దీపం ఆర్పాలి. ఆ కాగితం పసుపుపచ్చగా మారి అంచులు వంకర్లు తిరిగింది. అది అంటించి ఎన్నేళ్ళయిందో. వేలితో చూపించాను. అతను వంగి చదివాడు.

బల్ల సొరుగు లాగాను. పైనే కళ్ళజోడు, మడిచి, మెత్తని గుడ్డ మీద పెట్టి ఉంది. ఎడమ అద్దం పాలలా తెల్లగా ఉంది. మైక్రోస్కోపు చూసేటప్పుడు జోడు తీసి సొరుగులో పెట్టుకునే అలవాటు కాబోలు. తర్వాత మైక్రోస్కోపు మీదికి వంగాను. రెండు కళ్ళతో చూసే యంత్రం అది. ఎడమ గొట్టానికి నల్ల కాగితం గుండ్రంగా కత్తిరించి అతికించి ఉంది.

"ఇన్‌స్పెక్టర్‌గారూ, ఈవిడకి ఎడమ కన్ను కనపడదు."

అతను వచ్చి చూశాడు. ముఖంలో ఏదో వెలిగింది, కానీ నేననుకున్న వైపు కాదు.

"అయితే నా రిపోర్టు ఇంకా గట్టిపడింది. ఒంటికన్నుతో మెట్లు దిగింది, తప్పటడుగు వేసింది."

"లిఫ్ట్ ఈ తలుపుకి తొమ్మిది అడుగులు. మెట్లు ముప్ఫై నాలుగు అడుగులు. ఆరు నెలలుగా మెట్ల జోలికి పోని మనిషి, జోడు సొరుగులో వదిలేసి, దీపం ఆర్పకుండా, ముప్ఫై నాలుగు అడుగులు నడిచి మెట్ల దగ్గరికెందుకు వెళ్తుంది?"

"తొందరేదో ఉండుంటుంది."

"తొందరలో ఉన్నవాళ్ళు తెలిసిన దారినే పోతారు. తెలియని దారిలో పోవాలంటే ఎవరో ఒకరు పక్కనుండాలి."

"ఎవరో ఒకరు అంటే ఫైల్లో రాయలేను మేడమ్. పేరు కావాలి."

మైక్రోస్కోపు మీద ఒక స్లైడు ఇంకా అలాగే ఉంది. మూడు రోజులుగా. మూలన పెన్సిల్‌తో నంబరు: 4417. దీపం వేసి కుడి గొట్టంలోంచి చూశాను. ఊదారంగు చుక్కలు. కొన్ని చిన్నవి, గుండ్రంగా ఉన్నాయి. కొన్ని వాటికి రెండింతలు, అంచులు ఎగుడుదిగుడుగా, లోపలంతా ముదురు రంగే. నాకు వాటి అర్థం తెలియదు. ఒకే రకం కావని మాత్రం తెలిసింది.

రిజిస్టరు తీశాను. 4417 ఎదుట ఆమె రాత ఉంది. స్త్రీ, 52, ఎడమ కన్ను. నమూనా తీసిన తేదీ పోయిన నెల పద్నాలుగు. చూసిన తేదీ మొన్న సోమవారం. ఎవరు పంపారు అన్న గడిలో డాక్టరు పేరుండాలి. అక్కడ ఒకే మాట ఉంది: సొంతం.

"ప్రైవేటు కేసు అయ్యుంటుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్ భుజం మీంచి తొంగిచూసి.

నేను ఇంకో అర్థం ఆలోచిస్తున్నాను. అంతలో తలుపు దగ్గర అడుగుల చప్పుడైంది.

*

పెద్ద డాక్టరుకి అరవై దగ్గర పడి ఉంటాయి. చేతులు శుభ్రంగా, గోళ్ళు పొట్టిగా ఉన్నాయి. ఇన్‌స్పెక్టర్ లేచి నమస్కారం పెట్టాడు. అతని తల్లి రెండు కళ్ళకీ ఆపరేషన్ చేసింది ఈయనేనని తర్వాత తెలిసింది.

"గది ఎప్పుడు వదుల్తారు? నమూనాలు పాడైపోతాయి," అన్నాడు డాక్టరు. మాట నాతోనే, చూపు మాత్రం మైక్రోస్కోపు మీద ఉంది.

"ఇంకాసేపట్లో. 4417 ఎవరు డాక్టరుగారూ?"

"ల్యాబు నంబర్లు నాకు గుర్తుండవు. ఏడాదికి కొన్ని వేలు."

"ల్యాబ్ అక్క ఎడమ కన్ను బాగోలేదని తెలుసా?"

"పనివాళ్ళ కళ్ళు నేను పరీక్షించను. వాళ్ళు వచ్చి చెప్తే తప్ప."

"వచ్చి చెప్పారా?"

"లేదు."

"మంగళవారం ఒంటి గంటకి మీరెక్కడున్నారు?"

"థియేటర్లో. పన్నెండూ యాభై నుంచి ఒకటీ నలభై దాకా. రిజిస్టర్లో ఉంది. ఇన్‌స్పెక్టర్‌గారు చూశారు."

ఇన్‌స్పెక్టర్ తలూపాడు.

"ఏం ఆపరేషన్?"

"శుక్లం."

"శుక్లానికి యాభై నిమిషాలా?"

"కొన్ని కళ్ళు మొండివి." నవ్వబోయి మానుకున్నాడు. "మీకు వైద్యం తెలిసినట్టు లేదు. ఆ స్లైడు ఆస్పత్రిది. నాకివ్వండి, భద్రంగా పెడతాను."

చెయ్యి చాపాడు. నేను స్లైడు తీసి చేతిరుమాల్లో చుట్టి, ఇన్‌స్పెక్టర్ జేబులో పెట్టాను.

"ఇది పోలీసుల దగ్గర భద్రంగా ఉంటుంది."

డాక్టరు చెయ్యి ఇంకో రెండు క్షణాలు అలాగే ఉంది. తర్వాత గడియారం చూసుకుని వెళ్ళిపోయాడు. అప్పుడు రెండూ నలభై ఎనిమిది.

"మేడమ్, ఆయన ఎవరో తెలుసా మీకు?" ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గించాడు. "ఈ ఆస్పత్రంటేనే ఆయన. మీకిప్పుడు యూనిఫాం లేదు. ఏదైనా తేడా వస్తే మాట పడేది నేను."

"పడు. అలవాటవుతుంది. జేబులోది మాత్రం పోగొట్టకు."

"నన్నింకా మీ దగ్గర పనిచేసేవాడిలాగే చూస్తారు."

"అప్పుడు బాగానే చేసేవాడివి. థియేటర్ నర్సు ఎక్కడుందో చెప్పు."

*

నర్సు అదే అంతస్తులో, దుప్పట్లు మడిచే గదిలో ఉంది. నలభై దాటిన మనిషి. మేం వెళ్ళేసరికి ఒకే దుప్పటిని మడిచి, విప్పి, మళ్ళీ మడుస్తోంది. ఇన్‌స్పెక్టర్‌ని తలుపు దగ్గరే ఉంచి నేనొక్కదాన్నే లోపలికి వెళ్ళి, ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాను.

"మంగళవారం శుక్లం ఆపరేషన్ ఎన్ని గంటలకి మొదలైంది సిస్టర్?"

"పన్నెండూ యాభై."

"పేషంటుని పడుకోబెట్టింది పన్నెండూ యాభైకి. డాక్టరు వచ్చిందెప్పుడు?"

దుప్పటి అంచులు కలిపింది. కలిసినా మళ్ళీ కలిపింది.

"ఒకటిన్నరకి," అంది చివరికి. "పది నిమిషాల్లో అయిపోయింది. రిజిస్టర్లో నేనే రాశాను. ఆయన రాయమన్నారు. ఆయన చెప్తే రాస్తాం. పదిహేనేళ్ళుగా అంతే."

తలుపు దగ్గర ఇన్‌స్పెక్టర్ నిటారుగా అయ్యాడు.

"4417 ల్యాబ్ అక్కే కదా?"

ఆమె తలెత్తి నా వైపు చూసింది. ఏడవలేదు. ఏడుపు అయిపోయిన మనిషి కాదు, ఇంకా మొదలుకాని మనిషి. ఆ చూపు నేను అద్దంలో రోజూ చూస్తాను.

"ఎవరికీ తెలియకూడదంది. కన్ను పోయిందని తెలిస్తే మైక్రోస్కోపు దగ్గర కూర్చోనివ్వరు కదా. అందుకే ఫైలు కూడా లేకుండా పెద్ద డాక్టరుగారే చూసేవారు. పదకొండు నెలలు. లోపల వాపు అన్నారు, స్టెరాయిడ్ ఇచ్చారు. వేసినప్పుడల్లా తగ్గేది. ఆపితే మళ్ళీ మసక. అక్క ఇరవై ఆరేళ్ళు ఇవే చూసింది కదండీ. ఇది వాపు కాదేమో అని ముందు తనకే అనుమానం వచ్చింది."

"మరేమిటి?"

"లింఫోమా. తెల్లకణాల క్యాన్సర్. మామూలుగా మెడలోనో చంకలోనో గడ్డ కడుతుంది. ఇదేమో కంటి లోపలే ఉంటుంది. పైకి చూస్తే అచ్చం వాపే. స్టెరాయిడ్ వేస్తే ఆ కణాలు కరిగిపోతాయి, పరీక్షకి దొరకవు. తగ్గిందనుకుంటాం. ఈలోపు మెదడుకి పాకుతుంది. పోయిన నెల అక్క పట్టుబట్టాక డాక్టరుగారు కంట్లోంచి నమూనా తీశారు. కానీ దానికి మూడు రోజుల ముందే స్టెరాయిడ్ సూది వేశానన్నారు."

"వేశారా?"

"సిరంజిలో నింపింది నేను. అక్క బతిమాలితే మామూలు సెలైన్ నింపాను. స్టెరాయిడ్ కంటి చుక్కలు కూడా అంతకు నెల ముందే తనంతట తనే మానేసింది." ఆమె గొంతు ఎత్తూ తగ్గూ లేకుండా నడుస్తోంది. "తీసిన నమూనాని డాక్టరుగారు నాలుగు గంటలసేపు బల్ల మీదే ఉంచి బయటి ల్యాబుకి పంపారు. అంతసేపుంటే కణాలు చచ్చిపోతాయి. క్యాన్సర్ లేదని రిపోర్టు వచ్చింది. కానీ మొదటి నాలుగు చుక్కలు నేను వేరే సీసాలో పట్టాను. పాడవకుండా ఉండే మందు పోసి అక్కే ఆ సీసా ఇచ్చింది నాకు. తమ్ముడికి ట్రైనింగని చెప్పి అక్క పది రోజులు మా ఇంట్లోనే ఉంది. పనిలోకి తిరిగొచ్చాక మొన్న సోమవారం ఆ సీసా తెరిచి, తనే స్లైడు చేసుకుని, తనే చూసుకుంది."

"చూసి ఏమంది?"

"నన్ను పిలిచి చూపించింది. 'ఇదిగో, ఇవి నావే' అంది. రోజూ ఎవరివో చూపించినట్టే. భోజనానికి వెళ్దామా అని కూడా అడిగింది."

లోపల నాకేదైనా అవుతుందేమోనని చూసుకున్నాను. ఏమీ కాలేదు. సొంతం అన్న మాట మాత్రం ఆ గడిలో, ఆ చేతిరాతలో, కళ్ళ ముందు నిలబడింది.

"ఇది సోమవారం జరిగింది. మంగళవారం మధ్యాహ్నానికల్లా ఆయనకెలా తెలిసింది?"

ఆమె దుప్పటి పక్కన పెట్టేసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"నావల్లే. అక్క సోమవారం సాయంత్రం పాత స్లైడ్లన్నీ తీసింది. పెద్ద డాక్టరుగారు వాపు అని తేల్చి పంపేసిన వాళ్ళవి. అయిదింటి మీద గుర్తు పెట్టింది. అవి కూడా ఇదేనేమో, వాళ్ళెలా ఉన్నారో కనుక్కోవాలి, ఫోన్ నంబర్లు వెతికిపెట్టు అని కాగితం ఇచ్చింది. మంగళవారం పొద్దున నేను రికార్డు గదిలో వెతుకుతుంటే ఆయనొచ్చారు. కాగితం తీసుకుని చూశారు. ఎవరిచ్చారని అడిగారు." ఒళ్ళోని చేతుల వైపు చూసుకుంది. "చెప్పాను. ఆయన అడిగితే చెప్తాం."

"తర్వాత?"

"కాగితం తిరిగి ఇచ్చేసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. ఒంటి గంటకి థియేటర్ కిటికీలోంచి చూశాను. అక్క ఎడమ మోచెయ్యి పట్టుకుని వరండాలో నడిపించుకుపోతున్నారు. కొత్త నమూనా ఏదో చూపించడానికి అనుకున్నాను. అక్కకి ఎడమ పక్క కనపడదు కదా, పట్టుకున్నారు పాపం అనుకున్నాను."

ఇన్‌స్పెక్టర్ లోపలికి వచ్చాడు. జేబు మీద చెయ్యి పెట్టుకుని ఉన్నాడు, లోపల స్లైడు ఉందో లేదో చూసుకుంటున్నట్టు.

"ఇది సంతకం పెట్టి ఇస్తారా సిస్టర్?" అన్నాడు.

"ఇస్తాను. ఇప్పుడెందుకు ఇవ్వను?"

"మేడమ్," అన్నాడు నా వైపు తిరిగి. మెట్లు, తప్పటడుగుల మాట ఇక ఎత్తలేదు. "కిందికి పంపించి ఆయన్ని ఇప్పుడే కూర్చోబెడతాను."

"ముందు ఆ కాగితం చూద్దాం."

నర్సు యాప్రాన్ జేబులోంచి తీసి ఇచ్చింది. అయిదు నంబర్లు. పక్కన నర్సు రాసిన వివరాలు. మొదటి మూడింటి పక్కన తేదీలున్నాయి, మూడూ చనిపోయిన తేదీలే. రెండింటి దగ్గర మెదడు అని రాసి ఉంది. నాలుగోవాడు వేరే ఆస్పత్రిలో చేరి మందు ఎక్కించుకుంటున్నాడు. అయిదో మనిషి రిటైరైన డ్రాయింగ్ టీచరమ్మ, అరవై ఒకటి, రెండు కళ్ళూ. ఇప్పటికీ పెద్ద డాక్టరు దగ్గరే చూపించుకుంటోంది. బతికుండి ఇంకా ఆయన చేతిలో ఉన్నది ఆమె ఒక్కతే. ఆమె కంట్లో ఆ కణాలు ఇంకా ఉన్నాయి. వాటిని ఎవరైనా పరీక్ష చేస్తే ల్యాబ్ అక్క గుర్తు పెట్టింది నిజమని తేలిపోతుంది.

"ఈవిడకి ఫోన్ చేశారా?"

"ధైర్యం చాలలేదండీ."

నేను చేశాను. మూడూ యాభై రెండు. మూడోసారి మోగాక ఒక అమ్మాయి ఎత్తింది. టీచరమ్మ కూతురట. కంటి ఆస్పత్రి విషయమై మాట్లాడుతున్నానని చెప్పి, వాళ్ళమ్మకి ఇవ్వమన్నాను.

"అమ్మ మీ దగ్గరికే వచ్చింది కదండీ," అంది.

"మా దగ్గరికా?"

"పెద్ద డాక్టరుగారే స్వయంగా ఇంటికొచ్చారు. మూడుంపావుకి. సోమవారం ఇవ్వాల్సిన సూది ఈ రోజే ఇచ్చేస్తానన్నారు. తన కార్లోనే తీసుకెళ్ళారు. నేను కూడా వస్తానంటే ఎందుకమ్మా, అరగంటలో నేనే దింపేస్తానన్నారు. చాలా మంచాయన."

"మీ ఇంటి నుంచి ఆస్పత్రికి ఎంతసేపు?"

"పది నిమిషాలు. మరీ ట్రాఫిక్ ఉంటే పదిహేను."

అప్పటికే ఇన్‌స్పెక్టర్ గోడ ఫోనులో గేటుకి మాట్లాడుతున్నాడు. విని, నా వైపు చూసి, తల అడ్డంగా ఊపాడు. డాక్టరు కారు మూడింటికి బయటికి వెళ్ళింది. తిరిగి రాలేదు. అతను ఫోను పెట్టేసి పరిగెత్తాడు. వరండాలో అతని బూట్ల చప్పుడు మెట్ల వైపు పోయింది, పద్దెనిమిది మెట్లూ దిగింది. నర్సు కళ్ళు మూసుకుంది.

"హలో," అంది ఫోన్లో అమ్మాయి. "వింటున్నారా? అమ్మ మందుల సంచీ ఇక్కడే మర్చిపోయింది. అందులో సాయంత్రం మాత్రలున్నాయి. తీసుకురమ్మంటారా?"

గోడ గడియారంలో మూడూ యాభై అయిదు. కారు వాళ్ళింటి దగ్గర బయల్దేరి నలభై నిమిషాలు.

"తీసుకురామ్మా," అన్నాను. నా గొంతు చాలా మామూలుగా వినిపించింది. "వచ్చేటప్పుడు మీ అమ్మగారి ఫోటో ఒకటి కూడా తీసుకురా."

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది.

"ఫోటో ఎందుకండీ?" అంది.